రోజుకొక్కటే చూసే ఆంటీ

ఆంటీ పోయిందన్న సంగతి నాకు షానన్‌లో, మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో తెలిసింది. గుండె రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు మా దగ్గర తయారవుతాయి. వాటి కాగితాలు సరిచూసి సంతకం పెట్టడం నా పని. శుక్రవారం పదకొండు గంటల విరామంలో ఫోన్ తీస్తే, డబ్లిన్ తెలుగు చర్చి వాళ్ళ గ్రూపులో మెసేజ్ ఉంది. "మన ప్రియ సహోదరి ప్రభువునందు నిద్రించారు" అని, కింద ఆవిడ ఫొటో. నేను చర్చికి వెళ్ళేదాన్ని కాదు. ఒక క్రిస్మస్‌కి ఎంతమందికి వండాలో తెలియడం కోసం ఆంటీయే నన్ను ఆ గ్రూపులో చేర్పించి, తర్వాత తీయించడం మర్చిపోయింది. ఫొటో కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలున్నాయి. నేనూ ఒకటి పెట్టాను. ఫోన్ బోర్లా పెట్టి, శాండ్‌విచ్‌లో మిగిలిన సగం తిన్నాను. లోపలికెళ్ళి గౌను, టోపీ వేసుకుని సాయంత్రం దాకా సంతకాలు పెట్టాను. ఒక్కదాంట్లోనూ తప్పు పోలేదు.

సాయంత్రం ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు. అతనికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఎప్పుడూ ఇంగ్లీషులోనే చెబుతాడు, అచ్చం ఇక్కడి వాళ్ళ యాసలో. బుధవారం చర్చిలో ప్రార్థన, ఆ తర్వాత సమాధి అన్నాడు.

"నువ్వో రెండు మాటలు చెప్పాలి. అమ్మతో ఆ మ్యూజియాలకి వెళ్ళింది నువ్వొక్కదానివే కదా" అన్నాడు.

సరేనన్నాను. బుధవారం దాకా నాకు చెప్పాల్సిన మాట దొరకలేదు. గుర్తొచ్చినవేవీ చర్చిలో చెప్పేవిగా అనిపించలేదు. వాటినే ఇక్కడ రాస్తున్నాను.

నేను డబ్లిన్‌కి చదువుకోడానికి వచ్చినప్పుడు బోమాంట్‌లో ఆవిడ ఇంట్లో పై గది అద్దెకి తీసుకున్నాను. ఇల్లు ఆవిడది కాదు, లీజు మాత్రం ఆవిడ పేరు మీద ఉంది. కింద గదిలో ఆవిడ, పైన పెద్ద గదిలో కొడుకు, పక్కన చిన్న గదిలో నేను. కొడుకు అప్పటికి స్కూలు ఆఖరి ఏడాది. వాళ్ళాయన పోయి చాలా ఏళ్ళయిందని మాత్రం తెలుసు. ఆవిడ దగ్గర్లో ఒక వృద్ధుల హోమ్‌లో కేరర్‌గా పనిచేసేది. ముసలివాళ్ళని లేపడం, స్నానం చేయించడం, తినిపించడం. అంతకు ముందు బాపట్ల దగ్గర ఒక స్కూల్లో పంతొమ్మిదేళ్ళు సోషల్ టీచరు.

ఆ టీచరు ఆవిడలోంచి ఎప్పుడూ పోలేదు. వంటింట్లో కూడా దిక్కులతో మాట్లాడేది. "ఉప్పు ఉత్తరం వైపు ప్రెస్‌లో ఉంది చూడు" అనేది. ఇక్కడ గోడ అలమరాని ప్రెస్ అంటారు. ఆ మాట నాకు రెండు రోజుల్లో అలవాటైంది గానీ, మబ్బు వదలని ఆ ఊళ్ళో ఉత్తరం ఎటో తెలియక మొదటి వారమంతా చప్పటి కూరే తిన్నాను. అడిగితే చెప్పేది కాదు. "సూర్యుడు వచ్చినప్పుడు చూసుకో" అనేది.

ఆవిడకి మంగళవారం సెలవు. నేను చేరిన మూడో మంగళవారం అనుకుంటా, మెట్ల కింద నించుని పిలిచింది.

"పిల్లా, ఇవాళ క్లాసుందా?"

"లేదాంటీ."

"గొడుగు తీసుకో."

ఎక్కడికో చెప్పలేదు. బస్సెక్కి ఊళ్ళోకి వెళ్ళి, పార్లమెంటు పక్కనున్న మ్యూజియం ముందు దిగాం. లోపల పెద్ద హాలు, రాతి స్తంభాలు, నేల మీద రంగురాళ్ళతో బొమ్మలు, చుట్టూ అద్దాల పెట్టెల నిండా బంగారం. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, ఆంటీ తన కణతల దగ్గర రెండు అరచేతులూ అడ్డం పెట్టుకుంది, బండి గుర్రానికి కళ్ళకి గంతలు కట్టినట్టు. అలాగే నడుస్తూ, "అటూ ఇటూ చూడకు. నేల చూస్తూ నా వెనకాల రా" అంది.

"ఎందుకాంటీ? చూడనికే గద వచ్చినం?"

"అన్నీ చూస్తే కలిసిపోతాయి. రోజుకొక్కటే."

ఒక పెట్టె ముందు ఆగింది. అందులో నెలవంకలా పలచగా సాగగొట్టిన బంగారు రేకు ఉంది. దాని ముందు నలభై నిమిషాలు నించున్నాం. నా కాళ్ళు లాగాయి. ఆంటీ దాని కింద రాసిన చీటీని క్లాసులో డిక్టేషన్ చెబుతున్నట్టు ఒక్కో మాటా ఆపి ఆపి తెలుగులో చదివింది.

"దీనిని... బహుశా... మెడలో... ధరించేవారు." ఆగి నా వైపు తిరిగింది. "బహుశా! చూశావా? ఇంత పెద్ద పెట్టె కట్టి, తాళం వేసి, మనిషిని కాపలా పెట్టి, కింద బహుశా అని రాశారు."

వెక్కిరిస్తోందనుకున్నాను. కాదు. ఆవిడ మొహంలో గౌరవం ఉంది.

బయటికొచ్చాక స్తంభాల దగ్గర మెట్ల మీద కూచుని సంచిలోంచి ఫ్లాస్క్ తీసింది. దాని మూతలో నాకు, చిన్న స్టీలు గ్లాసులో తనకి టీ పోసింది. అప్పుడు చెప్పింది.

"పంతొమ్మిదేళ్ళు చూడని వాటి గురించి చెప్పాను పిల్లా. రోము, ఈజిప్టు, హరప్పా. ఒక్కటీ చూళ్ళేదు. గుంటూరు దాటి వెళ్ళింది ఎన్నిసార్లు? ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల లేచి, టీచర్ మీరు మొహెంజొదారో చూశారా అంది. పిల్లలంతా నవ్వారు. పీరియడ్ అయ్యేదాకా దాన్ని నిలబెట్టాను. చూళ్ళేదమ్మా అని ఒక్క మాట చెబితే అయిపోయేది."

"ఆ అమ్మాయి ఇప్పుడెక్కడున్నదాంటీ?"

"చీరాల ఇచ్చారన్నారు. కనపడితే చెబుదామనుకుంటాను. కనపడదు."

ఆ తర్వాత చాలా మంగళవారాలు వెళ్ళాం. నాకు మ్యూజియాల మీద పెద్ద ఇష్టమేమీ లేదు. లోపల వెచ్చగా ఉండేది, ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు, ఆంటీ తెచ్చే టీ బాగుండేది. అంతే. ఆవిడ మాత్రం డ్యూటీకి వెళ్ళినట్టు వెళ్ళేది. ఒక్కోసారి కోటు కింద హోమ్ వాళ్ళ ఊదారంగు చొక్కా అలాగే ఉండేది. దారిలో ఎవరైనా తెలుగువాళ్ళు కనపడి ఎక్కడికాంటీ అంటే "మ్యూజియానికి" అనేది. మళ్ళీనా అని వాళ్ళు నవ్వితే, "ఇంకా అవలేదు" అనేది.

బొమ్మల గ్యాలరీలో రంగుల గురించీ, గీసినవాళ్ళ గురించీ ఆవిడకి పట్టింపు లేదు. మనుషుల్ని హోమ్‌లో చూసినట్టే చూసేది. "ఈయనకి షుగరుంది, పాదం చూడు." "ఈ రాణిగారికి థైరాయిడ్." లావుపాటి బిషప్ ఒకాయన కుర్చీలో కూచున్న పటం ముందు అరగంట నించుని, చివరికి, "ఈయన్ని లేపాలంటే ఇద్దరు కావాలి. నేనొక్కదాన్నయితే లేపను, నా నడుం పోతుంది" అని తేల్చింది. పక్కన నించున్న ఐరిష్ ముసలామెకి ఏమర్థమైందో, ఆమె కూడా తలూపింది.

కోట వెనకున్న మ్యూజియంలో పాతకాలపు సువార్త కాగితం ముక్క ఒకటుంది. గోధుమరంగు ముక్క, అంచులు చివికిపోయి, మధ్యలో చిల్లులు. ఆంటీకి బైబిల్లో చాలా అధ్యాయాలు కంఠతా వచ్చు. ఆ రోజు చీటీ చదవలేదు. ఆ చిల్లుల్నే చూస్తూ ఉండిపోయింది.

"ఇక్కడ వాక్యం పోయింది పిల్లా" అంది. "మన దగ్గర పుస్తకంలో చిల్లు లేదు. ఎవరో పూడ్చారు."

ఆ ఆదివారం పాస్టరుగారితో కూడా ఇదే అందట. సిస్టర్, విశ్వాసంలో చిల్లులుండవు అన్నాడట ఆయన. ఇంటికొచ్చి నాకు చెప్పి, "నేను విశ్వాసం సంగతి అన్లేదు, కాగితం సంగతి అన్నాను" అని ఊరుకుంది.

కొడుకు ఎప్పుడూ మాతో రాలేదు. స్కూలు సెలవుల్లో కూడా, మేం బయల్దేరుతుంటే హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని వంటింట్లో నించుని కార్న్‌ఫ్లేక్స్ తినేవాడు. "వస్తావా నాన్నా?" అని ఆంటీ తెలుగులో అడిగేది. "ఐయామ్ గ్రాండ్, మామ్" అనేవాడు. వద్దనడానికి ఇక్కడి మర్యాద మాట అది. ఆవిడ రెండోసారి అడిగేది కాదు.

ఆ ఫిబ్రవరిలో మా అన్న చనిపోయాడు. ముప్పై ఒక్కేళ్ళు. పొద్దున్నే లేచి, ఛాతీలో మంటగా ఉందని నీళ్ళు తాగి పడుకున్నాడట. జనగామ ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే పోయాడు. నా రెసిడెన్స్ కార్డు గడువు తీరి, కొత్తది ఇంకా చేతికి రాలేదు. అది లేకుండా దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదో తెలీదు. నాయినకి ఫోన్ చేస్తే, "నువ్వు రాకు బిడ్డా. వచ్చేదాక ఉంచలేం" అన్నాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి నా మంచం మీద కూచుని వీడియోలో చూశాను. పక్కింటాయన ఫోన్ పట్టుకున్నాడు. మనుషుల వీపులు, మోకాళ్ళు, ఒక స్టీలు బకెట్ కనిపించాయి. మధ్యలో సిగ్నల్ పోయి, ఎవరిదో గళ్ళచొక్కా దగ్గర బొమ్మ ఆగిపోయింది. ఆ గళ్ళచొక్కాని నేను చాలాసేపు చూశాను. తర్వాత కిందికెళ్ళి కార్న్‌ఫ్లేక్స్ తిని, క్లాసుకెళ్ళాను. నాకేమీ అనిపించలేదు. అలా ఏమీ అనిపించకపోవడం వింతగా కూడా తోచలేదు. క్లాసులో తెలుగమ్మాయిలు నా దగ్గరికి రావడానికి భయపడ్డారు. ఏడిస్తే ఓదార్చడానికి సిద్ధపడి వచ్చి, నేను ల్యాబ్ రిపోర్టు గురించి అడిగేసరికి ఏం చెయ్యాలో తెలీక వెళ్ళిపోయేవాళ్ళు.

ఆంటీ నాలుగు రోజులు ఏమీ అనలేదు. పూటపూటకీ కంచంలో అన్నం పెట్టి పైకి తెచ్చి, తిన్నాక కంచం తీసుకెళ్ళేది. మంగళవారం పొద్దున మెట్ల కింద నించుని, "కోటు వేసుకో" అంది.

మళ్ళీ పార్లమెంటు పక్క మ్యూజియానికే. ఆ రోజు బంగారం హాలు దాటి ఇంకో వైపు తీసుకెళ్ళింది. ఈ దేశంలో చిత్తడి నేలలు చాలా ఉన్నాయి. ఆ నల్లమట్టిని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిల్లో కాల్చేవాళ్ళు. అలా కోస్తున్నప్పుడు అప్పుడప్పుడూ మనుషులు బయటపడ్డారు. రెండువేల ఏళ్ళకి పైబడిన మనుషులు. ఆ మట్టిలో చర్మం కుళ్ళదట, తోలులా మారి అలాగే ఉంటుందట. ఒక్కొక్కరినీ గుండ్రటి గోడ మధ్య, మసక వెలుతురులో, అద్దం కింద పడుకోబెట్టారు.

మేం చూసినతనికి తల లేదు. నడుం కింద ఏమీ లేదు. ఛాతీ, రెండు చేతులు.

"తల లేదాంటీ."

"దొరకలేదు. తల సంగతి వదిలెయ్. చేతులు చూడు."

చూశాను. వేళ్ళు పొడుగ్గా, ముదురు గోధుమరంగులో, కొంచెం ముడుచుకుని ఉన్నాయి. గోళ్ళు ఉన్నాయి. ఒక్కో గోరూ విడిగా, శుభ్రంగా కనిపిస్తోంది.

"కష్టం చేసిన చెయ్యి కాదిది" అంది ఆంటీ. ఎన్నో వందల చేతులు పట్టుకున్న మనిషి, అక్కడ రాసింది చదవకుండానే చెప్పింది. తర్వాత చదివితే చీటీలోనూ దాదాపు అదే ఉంది, పక్కన ఒక బహుశాతో. గొంతు తగ్గించి మాట్లాడింది. అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

"మా హోమ్‌లో ఎవరన్నా పోతే కడిగేది నేనే. చేతులు, మొహం, కాళ్ళు. గోరువెచ్చటి నీళ్ళే వాడతాను. పోయినవాళ్ళకి వేడెందుకని నర్సులు నవ్వుతారు. నవ్వనీ." అద్దం మీద వేలు పెట్టబోయి ఆగింది. "మా ఆయన పోయేనాటికి నేనిక్కడికొచ్చి ఏడు నెలలు. వెళ్ళలేదు. సెలవడిగితే ఇచ్చేవాళ్ళేమో. అడగలేదు. వెళితే మళ్ళీ రానివ్వరేమోనని భయం. ఆ రోజు కూడా డ్యూటీకెళ్ళాను. ఇద్దరు ముసలాళ్ళకి స్నానం చేయించాను. ఆయనకి ఎవరు చేయించారో అడగలేదు. నెల పోయాక అడగబోతే నోరు రాలేదు. ఏడాది పోయాక ఏమని అడుగుతాం? ఇప్పటికి పదేళ్ళు దాటింది."

ఆవిడ నా వైపు చూడలేదు.

"మీ అన్నకి నీళ్ళెవరు పోశారు?"

"తెల్వదు."

"అడుగు. ఇప్పుడే అడుగు పిల్లా. రేపటికి అడగలేవు."

బయట తుంపర పడుతోంది. స్తంభాల పక్కన నించుని ఫోన్ చేశాను. ఆంటీ గొడుగు వేసుకుని, నా మాట వినపడనంత దూరం వెళ్ళి నిలబడింది. నాయిన ఎత్తాడు. తిన్నావా అన్నాడు. తిన్నానన్నాను. తర్వాత అడిగేశాను.

"నాయినా, అన్నకు తానం ఎవరు పోసిండ్రు?"

ఫోన్ కట్ అయిందనుకుని చూసుకున్నాను. అవలేదు.

"నేనే పోసిన బిడ్డా. మీ మామ, నేను" అన్నాడు. "చెవెనుక పెయింటుండె. తెల్లది. ముందురోజు గేటుకు ఏసిండు గద, అంటుకున్నది. సబ్బుతోని రుద్దిన, పోలే. మీ మామ ఇగ చాలు తియ్యన్నడు. నేను కిరసనాయిలు తెమ్మన్న. గుడ్డకు అద్దుకొని మెల్లగ తుడిసిన. చిన్నప్పుడు చెవు ముడితే ఊకునేటోడు కాదు గద వాడు. మెల్లగ తుడిసిన." ఊపిరి పీల్చిన చప్పుడు. "పోయింది బిడ్డా. మొత్తం పోయింది."

ఆ తర్వాత నాయిన ఇరవై నిమిషాలు మాట్లాడాడు. నా జీవితంలో ఆయన నాతో అంతసేపు మాట్లాడింది అప్పుడే. అన్న గేటుకి ఏ రంగు కొనబోయి ఏది తెచ్చాడో, ఎన్నిసార్లు వేశాడో, ఏ పక్క వేయకుండా మిగిలిపోయిందో చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. కానీ ఆ గళ్ళచొక్కా దగ్గర ఆగిపోయినది ఏదో అక్కణ్ణించి కదిలింది. చెవి వెనక భాగం కనిపించింది, దాని మీద తెల్లటి మరక, గుడ్డ పట్టుకున్న నాయిన చెయ్యి.

ఫోన్ పెట్టేశాక ఆంటీ దగ్గరికొచ్చింది.

"ఎవరంట?"

"నాయిన."

"మంచిది" అంది. ఫ్లాస్క్ తీసి టీ పోసింది. తాగాం. "బస్సొస్తోంది, పద" అంది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

చదువయ్యాక నాకు షానన్‌లో ఉద్యోగమొచ్చింది. దేశానికి ఆ చివర. మొదట్లో నెలకోసారి డబ్లిన్ వెళ్ళేదాన్ని, తర్వాత మూణ్ణెల్లకి, ఆ తర్వాత పండక్కి. మంగళవారం మధ్యాహ్నం మాత్రం ఆంటీ నుంచి ఒక ఫొటో వచ్చేది. ఒకటే వస్తువు. కింద ఒక్క మాట కూడా ఉండదు. ఒకసారి చెక్క గిన్నె, ఒకసారి తుప్పు పట్టిన సంకెల, ఒకసారి చెయ్యి కదిలి ఏమీ తెలియని మసక. నేను బొటనవేలు బొమ్మ పంపేదాన్ని. ఏమిటాంటీ ఇది అని ఒక్కసారీ అడగలేదు. ఒక వేసవిలో ఫొటోలు ఆగిపోయాయి. ఆగాయని నేను గమనించడానికి అయిదు వారాలు పట్టింది.

ఫోన్ చేస్తే కొడుకు చెప్పాడు, కడుపులో గడ్డ అని. అప్పటికే ముదిరింది. శనివారం బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళాను. ఆవిడ సగమైపోయింది. నన్ను చూసి, "పడమటి కిటికీ ఇచ్చారు, సాయంత్రం ఎండ మొహం మీదే" అంది. కొడుకు కాఫీ తెస్తానని కిందికి వెళ్ళాడు.

"ఏమన్న తెమ్మంటారా ఆంటీ?"

"ఏమీ వద్దు. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ చూసుకుంటున్నాను. ఏదీ కలిసిపోలేదు పిల్లా. విడివిడిగా వస్తున్నాయి." కాసేపు ఊపిరి తీసుకుంది. "వాడొక్కసారి మనతో వస్తే బాగుండేది. గట్టిగా రమ్మని నేనూ అనలేదు. వాడి నాన్న పోయినప్పుడు పక్కన లేనిదాన్ని, ఏ మొహం పెట్టుకుని గట్టిగా అంటాను?"

నాకు ఎప్పుడూ అంత ధైర్యం లేదు. ఆ రోజు అడిగాను.

"అంకుల్ సంగతి ఎవర్నన్న అడిగిన్రా ఆంటీ, తర్వాత?"

కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

"ఇంకెవర్ని అడగను? అందరూ పోయారు. వీడు అక్కడే ఉన్నాడు అప్పుడు. ఆరేళ్ళవాడు. వాడికేం గుర్తుంటుందిలే."

కొడుకు కాఫీలు తెచ్చాడు. ముగ్గురం తాగాం, ఆవిడ ఒక గుక్క. ఆరింటి బస్సుకి నేను షానన్ వెళ్ళిపోయాను. మళ్ళీ వస్తానన్న వారానికి వెళ్ళలేదు. ఆడిట్ ఉందన్నారు. ఆ శుక్రవారమే క్యాంటీన్‌లో ఆ మెసేజ్ చూశాను.

బుధవారం చర్చి నిండింది. హోమ్ నుంచి కేరర్లు, నర్సులు యూనిఫాంల మీదే వచ్చారు. నన్ను పిలిచారు. మైకు ముందు నించుని, "ఆంటీ చాలా మంచివారు. మా అందరికీ కడుపునిండా అన్నం పెట్టారు. మమ్మల్ని సొంత పిల్లల్లా చూసుకున్నారు" అన్నాను. అవి ఎవరి గురించైనా చెప్పే మాటలు. నిమిషమున్నరలో వచ్చి కూచున్నాను. సమాధి దగ్గర వాన పడింది. అప్పుడూ నాకేమీ అనిపించలేదు.

తర్వాత చర్చి హాల్లో భోజనాలు. అందరూ వెళ్ళాక వెనక వంటింట్లో పెద్ద గిన్నెలు మిగిలాయి. నేను తోముతుంటే కొడుకు కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి పక్కకొచ్చి నించున్నాడు. నేను తోమినవి అతను కడిగాడు. కొంతసేపటికి ఇంగ్లీషులో అడిగాడు.

"నువ్వు మ్యూజియం గురించి ఏమీ చెప్పలేదే?"

"చెప్పరాలేదు."

"అసలేం చేసేది అక్కడ? ఊరికే కూచోడానికి వెళ్తుందనుకునేవాణ్ణి, నిజంగా."

గిన్నె తోముతూ చెప్పాను. రోజుకొక్కటే చూడటం, చీటీలోని బహుశా, బిషప్‌ని లేపడం, చిల్లుల కాగితం. ఆ మట్టిలో దొరికిన మనిషి దగ్గర ఆవిడ నాతో అన్న మాటలు కూడా చెప్పాను. చెప్పొచ్చో లేదో ఆలోచించలేదు. వాళ్ళాయనకి ఎవరు స్నానం చేయించారో ఆవిడకి చివరిదాకా తెలీదని అన్నప్పుడు అతను కుళాయి కట్టేశాడు.

"నేను" అన్నాడు.

నాకర్థం కాలేదు.

"నేనున్నాను అక్కడ. మా మామ్మ నా చేతికిచ్చింది... ఆ..." చేతులతో గుండ్రంగా చూపించాడు. ఇంగ్లీషు మాట దొరకలేదు. "చెంబు" అన్నాడు. అతని నోట తెలుగు మాట వినడం నాకదే మొదటిసారి. "పొయ్యమన్నారు, పోశాను. కాళ్ళ మీద. మిగతాదంతా మా బాబాయి చేశాడు. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. నాన్నకి బాగుంటుంది అనుకున్నాను. అది గుర్తుంది నాకు."

"నీకు గుర్తుండదనుకున్నది ఆంటీ."

"ఆరేళ్ళు. ఎందుకు గుర్తుండదు?" గిన్నె అంచు పట్టుకుని నించున్నాడు. "తనకి వినడం ఇష్టం లేదనుకున్నాను నేను. ఒక్కసారీ అడగలేదు."

నువ్వే చెప్పి ఉండొచ్చు కదా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు. నేను అయిదు వారాలు ఫొటోలు రాలేదని చూసుకోని మనిషిని. మళ్ళీ కుళాయి తిప్పాడు. మిగిలిన రెండు గిన్నెలూ కడిగేశాం. తలుపు తాళం వేస్తూ, "రేపు నన్ను అక్కడికి తీసుకెళ్తావా?" అన్నాడు.

గురువారం పొద్దున వెళ్ళాం. తిన్నగా ఆ గుండ్రటి గోడ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను అద్దం మీదికి వంగి ఆ చేతుల వైపు చూస్తున్నాడు. నేను వెనక నించున్నాను. కాపలా మనిషి ఒకాయన మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు. అరవై దాటి ఉంటాయి, నీలం స్వెట్టర్, నడుముకి తాళాల గుత్తి. నా మొహం గుర్తుపట్టాడు.

"ఆవిడ ఏరీ? చాన్నాళ్ళయింది కనపడి" అన్నాడు.

కొడుకు తిరిగి, "మా అమ్మ పోయింది. శుక్రవారం" అన్నాడు.

ఆయన కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. రెండో చెయ్యి చాచి కొడుకు చెయ్యి పట్టుకుని, "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అన్నాడు. ఇక్కడ పరామర్శకి అందరూ అనే మాట అదే. అని ఊరుకోలేదు, చెయ్యీ వదల్లేదు.

"మాలో మేం టీచర్ అనుకునేవాళ్ళం. ఇన్నేళ్ళొచ్చినా పేరు తెలీదు మాకు. ఏమిటి పేరు?"

కొడుకు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, బాపట్లలో ఎలా పలుకుతారో అలా, ఒక్క అక్షరం కూడా నలగకుండా. ఆయన రెండుసార్లు తప్పు పలికాడు. కొడుకు రెండుసార్లూ దిద్దాడు. మూడోసారి సరిగ్గా వచ్చింది. అప్పుడు కొడుకు మొహం పక్కకి తిప్పుకున్నాడు. భుజాలు కదలడం మొదలైంది.

ఆయన వెళ్ళి, గోడ పక్కనున్న తన కుర్చీ తెచ్చి అతని వెనక వేశాడు. అతను కూచున్నాడు. నేను కుర్చీ వీపు మీద చెయ్యేసి నించున్నాను. నాకు ఏడుపు రాలేదు, కానీ అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు. అంతలో స్కూలు పిల్లల వరస ఒకటి కబుర్లు చెప్పుకుంటూ అటు రాబోయింది. ఆయన ఎదురెళ్ళి, వాళ్ళ టీచరుతో ఏదో మెల్లగా చెప్పి, వాళ్ళని ఇంకో వైపు పంపించేశాడు. వాళ్ళు వెళ్ళాక కూడా, మాకు వీపు పెట్టి, గుమ్మానికి అడ్డంగా అక్కడే నించున్నాడు.